పిచ్చుకపిల్ల ఎవరు?

కుట్టుమిషన్ మీద వంగి గౌనుకు అంచు కుడుతున్న తల్లి ముందు పదిహేనేళ్ల కూతురు ఫోను పెట్టింది.

“పిచ్చుకపిల్ల అనే పేరుతో రోజూ చాటింగ్‌లో నాతో కబుర్లాడుతున్నది నువ్వే కదమ్మా?”

మిషన్ ఆగింది. “నేనా? నాకెందుకే ఆ గొడవ?”

“అబ్బ, ఏం నటన! పదో తరగతి పిల్లట, మాట మాటకీ ‘సరేనా తల్లీ’ అంటుంది. మా క్లాసులో ఎవరంటారు అలా?”

తల్లి ముఖం కందిపోయింది. “నువ్వు ఎవరెవరితో మాట్లాడుతున్నావో నాకు తెలియొద్దూ? అడిగితే విసుక్కుంటావు. కన్నదాన్ని, భయం ఉండదా?”

“అబద్ధాలాడొద్దని నాకు నీతులు చెప్పి, నువ్వు దొంగపేరు పెట్టుకుంటావా? సిగ్గుగా లేదూ?”

“ఎప్పుడు కనిపెట్టావు?”

“రెండో రోజే.”

“మరి నెలంతా ఎందుకు మాట్లాడావే? స్కూల్లో నీతో ఎవరూ మాట్లాడటం లేదని, ఒక్కదానివే కూర్చుని తింటున్నావని రాశావే, అదంతా నన్ను ఆటపట్టించడానికేనా?”

“అదంతా నిజమే. నీకు చెబితే ‘ముందు నువ్వేం చేశావో చెప్పు’ అంటావు. పిచ్చుకపిల్ల మాత్రం ‘ఏడ్చావా?’ అని అడిగింది.”

తల్లి ఆ ఖాతా తీసేద్దామని తన ఫోను అందుకుంది.

“తీసెయ్యకు,” అంది కూతురు వెటకారంగా. “ముందు దానిలా మాట్లాడటం నేర్చుకో.”

తల్లి ఫోను పక్కన పెట్టేసి, నెమ్మదిగా అడిగింది.

“ఇవాళ నీ పక్కన ఎవరైనా కూర్చున్నారా?”

“ఎవరూ కూర్చోలేదు,” అంటూ కూతురు స్టూలు లాక్కుని కూర్చుంది.