పోయిన కిడ్నీకి మందెందుకు

డయాలసిస్ వార్డు బయట అక్క రిపోర్టు చూస్తూ చెల్లెలు బెంచీ మీంచి లేచింది, మళ్లీ కూర్చుంది.

"హిమోగ్లోబిన్ ఆరుకి పడిపోయిందేంటక్కా? సూదులు వేయించుకోవట్లేదా?"

"ఫ్రిజ్‌లో పెట్టేశా. పోయిన కిడ్నీకి మందెందుకే, దండగ! ఐరన్ మాత్రలు మింగుతున్నాగా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! రక్తం తయారుచెయ్యమని ఎముకలకి కబురు పంపేది కిడ్నీయే. అది పడకేసిందనే దాని బదులు ఆ సూది. పాత రక్తకణాలు నాలుగు నెలలైనా ఉండవు, కొత్తవి పుట్టొద్దూ?"

"అయితే రక్తమే ఎక్కించమను, గొడవ వదిలిపోతుంది."

"పరాయి రక్తం ఎక్కిస్తే, రేపు నేనిచ్చే కిడ్నీ నీ ఒంటికి పడకపోవచ్చట."

అక్క చెల్లెలి వైపు తిరిగింది.

"నువ్వేదో మాటవరసకి అన్నావనుకున్నానే."

"మాటవరసకి ఎవరైనా పదకొండు పరీక్షలు చేయించుకుంటారా? నర్సమ్మ సూది పట్టుకుని వస్తోంది, చెయ్యి చాపు."