వేసవి చీటీ

సీజన్ ముగిసిన మర్నాడు ఆటగాళ్లను ఒక్కొక్కరినే పిలిచి, వేసవిలో ఏం సాధన చేయాలో చీటీ రాసివ్వడం ఆ కాలేజీ బేస్‌బాల్ కోచ్‌కు అలవాటు. ఇరవయ్యో వాడు వచ్చేసరికి ఆయనకు కళ్లు మూతలు పడుతున్నాయి.

"కూర్చోరా. పోయినేటి కంటే నీ బంతికి వేగం పెరిగింది. కానీ ఏప్రిల్ నుంచి ఎటు పోతోందో దానికే తెలీదు. ఏమొచ్చింది నీకు?"

"మోచెయ్యి నొప్పి, కోచ్. జనవరి నుంచీ."

"ఇన్నాళ్లూ నోరు మూసుకుని విసిరావా?"

"చెబితే పక్కన కూర్చోబెడతారుగా."

"పోయిన వేసవిలో ఏం వెలగబెట్టావు?"

"బరువు బంతులు విసిరాను. ఒక్కరోజు కూడా మానలేదు."

"మానొద్దని ఏ తలమాసినవాడు చెప్పాడురా?"

కుర్రాడు పర్సులోంచి నలిగిపోయిన చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. 'వేగం పెంచు. రోజూ విసురు.' కోచ్ చేతిరాతే.

ఆయన కళ్లజోడు తీసి మొహం రుద్దుకున్నాడు.

"ఇవాళ నీకంటే ముందు బంతి విసిరేవాళ్లు ఎంతమంది వచ్చి వెళ్లారు?"

"తొమ్మిది మంది."

"వాళ్లు ఊరి బస్సెక్కకముందే పట్టుకో. వాళ్ల చీటీలు వెనక్కి పట్రా."

"ఏమని చెప్పను, కోచ్?"

"నీ చెయ్యి చూపించు. చాలు."