వెంట్రుకవాసి గోడ

(వీధి మలుపులో ఇల్లు. పొద్దెక్కింది. వదిన గడప మీద, మరిది గేటు బయట.)

"...అని నేనట్లేదయ్యా, ఎదురింటావిడ అంటోంది. పాలకని లేచిందట, ఇంకా వెలుగు రాలేదట. 'మీ మరిది మీ గోడ దగ్గర నిలబడ్డాడు, నెత్తిన ఇనప టోపీ, మూతికి గుడ్డ, చేతిలో రంగు డబ్బా. గోడ మూల మీద ఎర్రగా ఇంటూ గుర్తు కొట్టాడు. కొట్టినవాడు పోడే! గోడకి తల ఆనించి అలా ఉండిపోయాడు. తెల్లారకుండానే చుక్కేసుకొచ్చాడు కాబోలు పాపం' అంటోంది."

"ఆవిణ్ణి కళ్ళజోడు మార్చమను వదినా."

"మొన్ననే మార్చింది. వీధిలో ఇంటింటికీ తిరిగి చూపించింది కూడా. నువ్వు కాదా మరి?"

"ఏది?"

"గుర్తు పెట్టింది."

"గుర్తు మాదేలే."

"మాదే అంటే నీదేనా?"

"మా పనివాళ్ళది. పెద్ద సరుకు బండి కంటే ముందు దారి చూసుకుంటూ వస్తాం కదా. చెట్టుకొమ్మ అడ్డమొచ్చినా, బోర్డు అడ్డమొచ్చినా గుర్తు పెట్టుకుంటాం. అది పద్ధతి."

"పద్ధతి నాకు నేర్పకు. తల ఎందుకానించావు?"

"ఎండకి కళ్ళు తిరిగాయి."

"వెలుగే రాలేదంటుంటే ఎండెక్కడిదయ్యా?"

"ఆకలికి అనుకో. వదినా, ముందు నా మాట విను. బండి వీధి మొదట్లో ఆగింది. వెనకాల ఎన్ని బళ్ళు ఆగిపోయాయో, ఆ హారన్లు వినపడట్లా?"

"హారన్లు వింటూనే కాపురం చేశాను. ఏంటి ఈసారి సరుకు?"

"పాత కార్లు, ఫ్రిజ్జులు, టైర్లు నమిలి ముక్కలు చేసే మిషను. ఓడలో దిగింది. ఊరవతల పాతసామాను యార్డు వాళ్ళు కొన్నారు. చిల్లర భాగాలన్నీ లారీల మీద ముందే పోయాయి. దాని పొట్ట మాత్రం విడదీయడానికి లేదు, ఒకటే ముద్ద."

"కార్లు తినబోయే ముందు ఫలహారంగా నా గోడ కావాలన్నమాట."

"బాగానే నవ్విస్తున్నావు."

"నేను నవ్వట్లేదు."

"గోడంతా కాదు వదినా, ఈ మూల ఒక్కటే. పొద్దు తిరిగేలోగా బండి దాటిపోతుంది, రేపు మేస్త్రీ వస్తాడు. ఉన్నదానికంటే బాగా కట్టించి, రంగు వేయించే బాధ్యత నాది. అవతలి రోడ్డున పోదామంటే వంతెన ఇంత బరువు మొయ్యదన్నారు. ఈ మలుపు తప్పితే దారి లేదు."

"ఈ మలుపు ఇవాళ కొత్తగా పుట్టిందా? దీనికంటే పెద్దవి తిరగలేదూ ఇక్కడ?"

"తిరిగాయి."

"ఎవరు తిప్పారు?"

"అన్న తిప్పాడు."

"వీధి వీధంతా అరుగులెక్కి చూసేది. ముందు డ్రైవరు లాగుతుంటే, వెనక మీ అన్న ఆ మీటలున్న స్టీరింగు పెట్టె మెడకి తగిలించుకుని, పక్కనే నడుస్తూ, వెనక చక్రాలన్నీ పిల్లల్ని నడిపించినట్టు నడిపించేవాడు. గోడకీ ఇనుముకీ మధ్య వెంట్రుక దూరితే గొప్ప. ఊరికే అన్నారా పోర్టులో ఆయన్ని వెంట్రుకవాసి అని?"

"అసలు పేరు జీతాలిచ్చే గుమస్తాకి కూడా తెలీదు."

"నాకే ఒక్కోసారి తట్టేది కాదు. పెళ్ళిపత్రిక తీసి చూసుకోవాల్సొచ్చేది."

"అన్న వేరు వదినా."

"నీకు నేర్పాడుగా."

"పని నేర్పాడు. ఆ చెయ్యి ఎవరికీ రాలా. నేను దారి చూట్టానికే పనికొచ్చాను... ఉండు, ఫోను. ఆఁ, చెప్పు. లేదు, ఇంకా ఒప్పుకోలా. నువ్వు రాకు. రావద్దంటున్నానా! బండి దగ్గరే ఉండు. ఏదైనా తిన్నావా? సరే నాన్నా, నే చూసుకుంటాగా."

"ఎవరు?"

"బండి దగ్గర కుర్రాడు."

"నీ కింద పనిచేసేవాళ్ళని తిన్నావా అని అడగడం ఎప్పట్నుంచి?"

"చిన్నవాడులే. పని కొత్త."

"ఒకప్పుడు తిట్టకుండా ఫోన్ పెట్టేవాడివి కాదు. పెద్దవాడివయ్యావు."

"అయ్యాను. గోడ సంగతి చెప్పు వదినా."

"గోడ సంగతి నీకు తెలీదా? నాతో చెప్పిస్తావా?"

"వద్దులే."

"వద్దులే అని నువ్వంటే సరిపోతుందా? ఆ గోడ కట్టిన ఏడే కదా, ఏదో బాయిలరు తెస్తూ మీ అన్న కాస్త గీరాడు. వీధిలో అందరి ముందూ అన్నాను, 'నా గోడకి ఇంకోసారి గీత పడిందా, గుమ్మం ఎక్కనివ్వను' అని. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. అప్పట్నుంచీ ఈ మలుపుకి వచ్చినప్పుడల్లా నాకేసి చూసి, 'అమ్మగారూ, ఇవాళ గుమ్మం ఎక్కొచ్చా?' అని అరిచేవాడు. అదో ఆట మాకు."

"వదినా..."

"చివరిసారి కూడా అరిచాడు. విన్నావు కదా నువ్వు?"

"విన్నాను. ముందు నేనే ఉన్నాను."

"నేను 'ఎక్కొచ్చు, ఎక్కొచ్చు' అన్నాను. అంతలో మురిక్కాలవ బండ విరిగింది. చక్రం దిగబడింది. బండి ఒరుగుతుంటే అందరూ 'వదిలెయ్, వదిలెయ్' అని అరుస్తున్నారు. పెట్టె అక్కడ పడేసి గోడ మీంచి ఇంట్లోకి దూకితే గోడ పోయేది, ఆయన ఉండేవాడు. దూకలా. తిప్పుతూనే ఉన్నాడు. గోడకి ఇంత పెచ్చు ఊడింది, అంతే. ఆయనే..."

"వద్దన్నానా!"

"ఆ పెచ్చు కూడా నేను పూయించలేదు. చూడు, అలాగే ఉంది. దాని పక్కనే కొట్టారు మీ ఎర్ర గుర్తు."

"చూశాను."

"గోడ కోసం పోయాడయ్యా మనిషి. ఇవాళ మీరొచ్చి గునపాలతో పొడిచి పడేస్తే, ఆయన దేని కోసం పోయినట్టు? చెప్పు, నేను కూలదోయించుకుంటాను."

"రేపటిదాకా ఎందుకు, మేస్త్రీని ఇవాళే పిలిపిస్తాను వదినా."

"నేనడిగింది మేస్త్రీ సంగతి కాదు. పో మరి."

"ఇంకోడు పోకుండా ఉండడానికి వదినా. అదే నా జవాబు."

"ఇంకోడెవడు?"

"ఎవడైతేనేం? వెనక చక్రాలు తిప్పేవాడు ఈ మూల దగ్గర బండి తోక చూడాలంటే అక్కడే నిలబడాలి, అన్న నిలబడ్డ చోటే. వేరే చోటు నుంచి కనపడదు. మూల తీసేస్తే వాడు దూరంగా జరగొచ్చు. తియ్యకపోతే గోడకీ బండికీ మధ్యన నడవాలి."

"నేను ఒప్పుకోకపోతే ఇటిక ముట్టుకోలేరుగా?"

"ముట్టుకోలేం."

"అప్పుడు బండి వెనక్కి పోతుందా?"

"వెనక్కి పోయే బండి కాదది. కొన్నవాళ్ళ మనిషి పొద్దుట్నుంచీ వాచీ చూసుకుంటున్నాడు. 'వెంట్రుకవాసి తిప్పలేదూ, మీరూ తిప్పండి' అంటాడు. అన్నాడు కూడా."

"బాగానే అన్నాడు. తిప్పండి. నేను ఈ గడప మీదే నిలబడి చూస్తాను. ఆ తిప్పేవాడు మీ అన్న అంత మొనగాడో కాదో తేలుతుంది."

"అలా అనకు."

"ఏం, ఎందుకనకూడదు?"

"ఊరికే అనకు. నోటికొచ్చిందల్లా..."

"నా మీదే అరుస్తున్నావా? ఉండు, మా వాడికి ఫోన్ చేస్తాను. పోర్టు ఆఫీసులోనే కదా కూర్చుంటాడు, మీ పైవాళ్ళకి పైవాళ్ళతో మాట్లాడతాడు. నా గోడ జోలికి రావద్దని వాడే చెప్తాడు."

"వాణ్ణెందుకు మధ్యలో? వద్దు వదినా. పనిలో ఉంటాడు."

"తల్లి ఫోన్ ఎత్తనంత పనేంటి? ఏసీలో కూర్చుని టైపు కొట్టుకునే పనే కదా. వాడైనా ఈ ఇనుము జోలికి పోకుండా బతికిపోయాడు. ఒట్టు వేయించుకున్నాను వాడితో, వాళ్ళ నాన్న ఫోటో ముందు... మోగుతోంది. ఎత్తట్లా."

"చెప్పాగా."

"వారమైంది ఇంటికొచ్చి. వచ్చినా తిండి మీద ధ్యాస లేదు. తిని చెయ్యి కడుక్కోవడానికి పోతే వచ్చేదే లేదు, సబ్బు అరిగేదాకా తోముతూనే ఉంటాడు. ఆఫీసులో సిరా అంటుకుంటుందట."

"ఊఁ."

"నీకు కనిపిస్తుంటాడా అక్కడ?"

"అప్పుడప్పుడు."

"చిక్కాడా?"

"బాగానే ఉన్నాడు. భుజాలు వచ్చాయి."

"టైపు కొడితే భుజాలెలా వస్తాయయ్యా?"

"వయసు వదినా, వయసు. ఇదిగో, మళ్ళీ ఫోను. చెప్పు. ఏంటీ, పెట్టె తగిలించేసుకున్నావా? ఎవరు తగిలించుకోమన్నారు? ఆ వాచీ మనిషా? వాడెవడు చెప్పడానికి! తీసెయ్. తియ్యి ముందు. నేను వచ్చేదాకా బండి అంగుళం కదిలిందా, నీ కాళ్ళు విరగ్గొడతా."

"ఇదిగో, ఇప్పుడు తిట్టావు. ఇదీ నువ్వంటే. ఎవరు, ఆ తిన్నావా కుర్రాడేనా?"

"ఆఁ."

"వెనక తిప్పేది ఆ కుర్రాడా? పని కొత్తన్నావు!"

"కొత్తే. కానీ పట్టుకున్నాడు. చెయ్యి ఉంది వాడికి. ఇన్నేళ్ళలో మళ్ళీ ఇప్పుడే చూశాను అలాంటి చెయ్యి."

"పెళ్ళయిందా?"

"లేదు. ఇంకా పిల్లాడే."

"తల్లి ఉందా?"

"ఉంది."

"ఇవాళ ఈ మలుపు తిప్పుతున్నాడని ఆవిడకి తెలుసా?"

"ఈ పనిలో ఉన్నాడనే తెలీదు."

"తెలీదా! నువ్వెలా పెట్టుకున్నావయ్యా పనిలో? సిగ్గనిపించలేదూ? మన ఇంట్లో జరిగింది చూసి కూడా, ఇంకో ఇంటి పిల్లాణ్ణి తల్లికి చెప్పకుండా తెచ్చి అక్కడ నిలబెడతావా?"

"నేను పెట్టుకోలేదు. వేరే బండి మీద చేరిపోయాడు. తెలిసేసరికి నేర్చేసుకున్నాడు. మానమంటే మానడు. కొట్టినంత పని చేశాను వదినా. 'నాకు ఇది తప్ప ఇంకో పని చేతికి రాదు' అంటాడు. వేరే వాళ్ళ దగ్గర ఉండేకంటే నా కళ్ళ ముందుంటాడని మా బండి మీదకి మార్పించుకున్నాను. నేను చేసిందంతా అదే."

"ఆ తల్లికి చెప్పాల్సింది."

"ఎలా చెప్పాలో తెలీలా."

"నోటితో చెప్పాలి. ఏముంది అందులో? తల్లికి చెబితే ఏడుస్తుంది, నిన్ను నాలుగు తిడుతుంది, వాణ్ణి జుట్టు పట్టి లాక్కుపోతుంది. అంతేగా! ఏంటి, ఎందుకు అటు తిరుగుతావు?"

"ఏం లేదు. దుమ్ము."

"ఇదిగో, మంచినీళ్ళు తాగు. నేను కఠినురాలిననుకుంటున్నావు కదూ?"

"లేదు వదినా."

"ఈ గోడ ఉంటే ఆయన ఇంకా ఆ మూలన ఉన్నట్టే ఉంటుంది. సాయంత్రం నీళ్ళు చల్లుతూ చెయ్యేసి చూస్తాను. పగలంతా ఎండకి కాగి ఉంటుంది కదా, వెచ్చగా తగులుతుంది. పిచ్చిదాన్ననుకో."

"అనుకోను."

"ఎదురింటావిడ చెప్పినప్పుడు నాకు ముందు కోపమే వచ్చింది. తర్వాత ఆ తల ఆనించాడన్న మాట లోపలికి దిగింది. నువ్వు మీ అన్న పోయిన రోజు కూడా ఏడవలేదు. అందర్నీ పరుగులు పెట్టించావు, కాగితాల మీద సంతకాలు చేశావు, కన్నీటి చుక్క రాలలేదు. నీది బండరాతి గుండె అనుకున్నాను. అదీ కాక ఆవిడ ఇంకో మాటంది. 'మొహం కనపళ్ళేదు గానీ నడక అచ్చం మీ ఆయనదే, ఒక్క క్షణం నా గుండె ఆగిపోయింది, తర్వాత మీ మరిది అని తట్టింది' అంది. అన్నదమ్ములు కదా, పోలిక పోదు."

"నా నడక అన్నలాంటిది కాదు వదినా. నేను కాలు ఈడుస్తానుగా."

"అవును కదూ... పోన్లే, చీకట్లో ఏం తెలుస్తుంది? ఇలా రా. ఆ కుర్రాడి తల్లి మొహం చూసి ఒప్పుకుంటున్నాను, నీ మొహం చూసి కాదు. మూల తీసుకోండి. పెచ్చు ఊడిన ముక్క మాత్రం విరగకుండా తీసి నాకివ్వండి. ఇంకొక్కటి. నిజం చెప్పాలి నువ్వు. గోడని అడ్డుపెట్టి అడుగుతున్నాననుకోకు. గుర్తు పెట్టి, గోడకి తల ఆనించి ఏమనుకున్నావు? అది చెప్పు, తర్వాత గునపం వెయ్యి."

"నేను కాదు వదినా ఆనించింది. నీ కొడుకు."