నీళ్లలో కారణం అడగరు

ఆసుపత్రి గది, మధ్యాహ్నం. మంచం మీద అక్క. కిటికీ పక్కన కుర్చీలో తమ్ముడు.

"మోటారు సైకిళ్లేరా. నీకు గుర్తు లేకపోతే నేనేం చెయ్యను?"

"మామూలు సైకిళ్లక్కా. ఒకదానికి బెల్లు కూడా ఉంది. నేను నొక్కాను."

"నీ మొహం నొక్కావు. మునిగిన ఓడ, దాని కడుపులో వరసగా పేర్చిన మోటారు సైకిళ్లు. సీట్ల మీద చేపలు. ఒక లావుపాటి చేపైతే హ్యాండిల్ దగ్గర నిలబడింది, ఆఫీసుకి లేటయినట్టు మొహం పెట్టుకుని."

"సరే, మోటారు సైకిళ్లే. నువ్వే గెలిచావు. ఇప్పుడైనా రెండు గుక్కలు సూపు తాగు."

"గెలిచినవాళ్లకి శిక్షేంట్రా? నువ్వు తాగు."

"అక్కా..."

"తాగుతాలే. ముందు ఇంకో చోటికి తీసుకెళ్లు. మంచునీళ్ల సందుకి."

"అమ్మో, అక్కడికా! తలుచుకుంటేనే పళ్లు టకటకా కొట్టుకుంటాయి నాకు."

"రెండు బండల మధ్య సందు. నీళ్లున్నాయా లేవా అన్నంత తేటగా ఉంటాయి. కిందికి చూస్తే నాకు కళ్లు తిరిగాయి తెలుసా? నీళ్లలో ఉన్నానన్న సంగతే మర్చిపోయాను. ఎక్కడ పడిపోతానో అని నీ చెయ్యి పట్టేసుకున్నా."

"పట్టుకోవడమా? గోళ్లు దిగాయి. ఊరందరినీ సముద్రంలో తిప్పే గైడమ్మగారు, తోడొచ్చిన తమ్ముడి చెయ్యి పట్టుకుని..."

"ఎవరికైనా చెప్పావో, చంపేస్తా."

"పాపకి చెప్పేశా."

"ఏమంది?"

"'మా అమ్మకి భయమా? పో మావయ్యా' అని నవ్వింది. నమ్మలేదు."

"నమ్మదది. దానికి కాలేజీ ఎన్నింటికి అయిపోతుంది?"

"మూడింటికి. తిన్నగా ఇటే వస్తానంది. ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఏంటి, ఊరికే? అది వచ్చేసరికి నువ్వు డాక్టరుకి ఏం చెప్తావో తేల్చుకోవాలి. ఎల్లుండికి ఆపరేషను థియేటరు ఖాళీగా ఉందన్నాడు. సాయంత్రం లోపు చెప్పమన్నాడు. ఒక్క మాట అక్కా. సరే అనెయ్."

"రెండుసార్లు అన్నాగా సరే అని."

"మూడోది చేస్తే ఛాన్సుందన్నాడు కదా!"

"ఉందనలేదు. ఉండొచ్చన్నాడు. బల్ల మీదే పోవచ్చు అని కూడా అన్నాడు. ఆ ముక్క చెప్పేటప్పుడు నువ్వు కిటికీలోంచి కార్లు చూస్తున్నావు."

"విన్నాను."

"వినకూడదని చూస్తున్నావు."

"ఇప్పుడు అవన్నీ ఎందుకు? అది అయిపోయాక ఎక్కడికెళ్దామో చెప్పు. చేపల మంగలి షాపుకి పోదామా? నీకు ఇష్టం కదా."

"ఆ దుప్పటంత చేపలు... ఒక్కొక్కటీ వచ్చి రాయి పక్కన బుద్ధిగా నిలబడటం, చిన్న చేపలు వాటి ఒళ్లంతా శుభ్రం చెయ్యడం. వెనకాల ఇంకో నాలుగు లైన్లో. ఒక్కటి కూడా తోసుకోదు. మనుషుల్లో ఎక్కడైనా చూశావా?"

"అక్కడ నువ్వు లైన్లో నిలబడ్డావు."

"నిలబడ్డా. నన్నెవరూ శుభ్రం చెయ్యలేదు. వెధవ చేపలు."

"వచ్చే ఏడాది చేస్తాయి. ఆ తర్వాత అడవిలో ఉందే, పొగమంచు గుహ, పైన మంచినీళ్లు, కింద ఉప్పునీళ్లు, రెండూ కలిసే చోట అంతా మసకమసగ్గా..."

"వచ్చే ఏడాది."

"అవును, వచ్చే ఏడాది. ఏం?"

"ఏం లేదు. సిస్టర్ వస్తోంది, కాళ్లు దించు."

"ఏమ్మా, ఎలా ఉంది? నోరు తెరవండి, జ్వరం చూస్తాను. మళ్లీ చేపల గోలేనా అక్కాతమ్ముళ్లకి? వరండాలోకి వినిపిస్తోంది."

"సిస్టర్, మీకు ఈతొచ్చా?"

"నాకు బకెట్లో నీళ్లంటేనే భయమండీ."

"అయితే మీరు మా అక్కతోనే రావాలి. ఈవిడ చెవి ఎంతమంది పరువు కాపాడిందో!"

"చెవా?"

"నీళ్లలో మాటలుండవు కదా సిస్టర్. అన్నీ సైగలే. బొటనవేలు పైకెత్తి చూపిస్తే ఇక పైకెళ్లిపోదాం అని. ఎవరు చూపించినా సరే, అవతలివాళ్లు తిరిగి వేలు చూపించి పైకి రావాల్సిందే. ఎందుకు, ఏమిటి అని అడగకూడదు. నీళ్లలోనే కాదు, బోటెక్కాక కూడా అడగకూడదు."

"అంత దూరం పోయి, ఏమీ చూడకుండా వచ్చేస్తారా? అడగనైనా అడగరా?"

"అడుగుతారని తెలిస్తే భయమేసినవాడు సిగ్గుపడి వేలు చూపించడు. చూపించకపోతే ప్రాణం మీదికొస్తుంది. అందుకని. మా అక్క ఇంకో అడుగు ముందుకేసేది. బోటు మీద ఎవరైనా ఏమైందంటే, 'నాకే చెవి నొప్పొచ్చింది' అనేది. ఏ దేశం బోటువాడైనా సరే, ఈవిడకి చెవులు పాడైపోయాయని గట్టి నమ్మకం. ఒకాయన చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానని వెంటపడ్డాడు!"

"నవ్వకండమ్మా, నవ్వకండి, కుట్లున్నాయి. జ్వరం కాస్త ఉంది. డాక్టరుగారు నన్నడిగారు, వాళ్లేమనుకున్నారని. ఏం చెప్పమంటారు?"

"చేయిస్తున్నామని చెప్పండి సిస్టర్."

"వాడు చేయిస్తున్నాడట."

"...సరేనమ్మా. నేను మళ్లీ వస్తాను."

"ఆవిడ ముందు అదేం మాటక్కా? ఏమనుకుంటుంది? ...అక్కా. ఏంటది? ఏం చేస్తున్నావు?"

"కనబడుతోందిగా."

"కనబడట్లేదు. చెయ్యి దించు."

"తిరిగి చూపించాలి. అదీ పద్ధతి."

"ఇది సముద్రం కాదు. వేలు దించు అక్కా."

"సెలైను సూదున్న చెయ్యిరా. నొప్పెడుతోంది."

"అందుకే దించమంటున్నా!"

"నువ్వు చూపిస్తే దించుతా."

"చూపించను. ఎందుకు చూపించాలి? ఎందుకు వద్దు? ముందు అది చెప్పు. ఇంత పోరాడి, ఇప్పుడు..."

"అడక్కూడదు."

"అడుగుతా! వందసార్లు అడుగుతా. నీళ్లలో రూలు నీళ్లలోనే."

"నేనడిగానా నిన్ను? ఆ సుత్తి సొరల దగ్గర?"

"...అదెందుకిప్పుడు?"

"ఒక్కసారైనా అడిగానా అంటున్నా. నా చిన్నప్పుడు మంచానికి ఎదురుగా గోడకి అంటించుకున్న బొమ్మ అది. సుత్తిలాంటి తలలు, వందల సొరచేపలు, నెత్తి మీద మబ్బు కమ్మినట్టు. నిద్ర లేస్తే అదే, పడుకుంటే అదే. ఎన్నేళ్లకి కుదిరింది పోవడానికి! ఒక పగలు, ఒక రాత్రి బోటులో వాంతులు చేసుకుంటూ పోయాం. దిగాం. సముద్రం అడుగు గుట్ట మీద రాయి ఇలా పట్టుకున్నామో లేదో, నువ్వు వేలెత్తావు."

"అక్కా..."

"మారు మాట్లాడానా? మిగతావాళ్లు పైకొచ్చి ఒకటే కేకలు. వచ్చాయట, మబ్బులాగే వచ్చాయట. మర్నాడు గాలివాన, తిరుగు ప్రయాణం. మళ్లీ ఆ గుట్ట మొహం చూడలేదు నేను. ఇన్నేళ్లలో ఎందుకురా అన్నానా?"

"అనలేదు."

"నా చెవి నొప్పి నాలిక చివర ఉంది. చెప్పబోతుంటే నువ్వే ముందు అరిచేశావు, బోటంతా వినేలా. 'నాకే భయమేసింది' అని."

"ఎందుకు చూపించానో ఇప్పుడు చెప్తాను, విను."

"చెప్పక్కర్లేదు. తెలుసు."

"నీకు తెలీదు."

"ఒరేయ్ కప్పా, బోటెక్కాక నీ ట్యాంకు విప్పిందెవరనుకున్నావు? గాలి గేజి చూశాను. భయపడ్డవాడు బుసలు కొట్టినట్టు పీలుస్తాడు, గాలి ఇట్టే తరిగిపోతుంది. నీ ట్యాంకు నిండుకుండలా ఉంది. తరిగిపోయింది నాది."

"పొట్ట పట్టుకుని ముడుచుకుపోయావక్కా నువ్వు. నాకు కనబడకూడదని అటు తిరిగావు. చచ్చినా నువ్వు వేలెత్తవని తెలుసు నాకు. గోడ మీద బొమ్మ కదా... అందుకని నేనే..."

"నొప్పి రావడం అదే మొదటిసారి. నువ్వు చూశావని గేజి చూశాకే తెలిసింది. నేనడగలేదు, నువ్వు చెప్పలేదు. మంచి తమ్ముడివి."

"అప్పుడే బలవంతంగా డాక్టరు దగ్గరికి లాక్కెళ్లి ఉంటే..."

"అది వద్దు. ఆ మాట ఇంకెప్పుడూ అనకు. నీకు దణ్ణం పెడతాను."

"మరి నేనేం చెయ్యాలక్కా? పైకెళ్తే ఏముంది? చెప్పు, ఏముంది పైన?"

"ఒకేసారి పోం కదరా పైకి. ఒళ్లు సర్దుకునేదాకా మధ్యలో ఆగుతాం కదా. తాడు పట్టుకుని, ఏ పనీ లేకుండా. చూడాల్సినవి చూసేశాం, పైన వెలుతురు కనబడుతూ ఉంటుంది, కాసేపు ఊరికే వేలాడటం. నువ్వు కోతి వేషాలు వేసేవాడివి, మాస్కులో నవ్వొచ్చి నీళ్లు మింగేదాన్ని. ఎన్ని దేశాలు తిరిగినా, ఏం చూసినా, నాకు అన్నిటికంటే ఇష్టం ఆ ఆగడమే. ఎవరికీ చెప్పలేదు, గైడుకి అది పరువు తక్కువ."

"నాకూ చెప్పలేదు."

"ఇప్పుడు చెప్తున్నా. ఆ ఆగడం కావాలి నాకు. మనింట్లో. పాప గట్టిగా చదువుకుంటుంటే దాని పక్కన పడుకుని. బల్లెక్కానంటే అది ఉండదు. ఉన్నా గొట్టాల మధ్య ఉంటుంది, నాకు తెలియను కూడా తెలియదు."

"ఎన్నాళ్లు ఉంటుందట?"

"అడక్కూడదన్నానా? ...ఏడవకు. మాస్కు నిండిపోతుంది."

"నీ జోకులు నువ్వూ!"

"చావంటే భయం లేదనుకోకు. ఉంది. బోలెడుంది. కానీ అంతకంటే పాపంటే భయం. 'మా అమ్మ నా కోసం ఒక్క ఆపరేషను చేయించుకోలేకపోయింది, నన్ను వదిలేసింది' అనుకుంటుందిరా. ఇప్పుడు కాకపోయినా రేపైనా అనుకుంటుంది. జన్మంతా ఆ ముల్లు గుచ్చుకుంటూనే ఉంటుంది. తాడు, ఆగడం అంటే ఆ వయసు పిల్లకేం అర్థమవుతుంది? దాని కోసమే నిన్న డాక్టరుకి సరే అనబోయాను."

"మరి అనాల్సింది!"

"నోరు రాలేదు. నేను పోయాక దానికి నువ్వే దిక్కు. నీ ఇంట్లోనే ఉండాలి, నీ చెయ్యే పట్టుకోవాలి. నా మీద కోపం నీ మీద చూపించినా పడు. కోపం తగ్గాక చెప్పు, మీ అమ్మ చేతకాక వదల్లేదని."

"చెయ్యి దించక్కా. సూది ఊడుతుంది."

"నువ్వు చూపించు."

"...ఇదిగో."

"వంకరగా కాదు. సరిగ్గా."

"ఇదిగో అక్కా. పైకి. ఇంటికే పోదాం. ఇంకేం అడగను. చాలా?"

"చాలు. అబ్బ, చెయ్యి పీకేసింది. ఆ సూపు ఇలా ఇవ్వు."

"చల్లారిపోయింది."

"పర్లేదు, తాగుతా. ...ఏంట్రా అలా చూస్తావు? ఉప్పు లేదు దీంట్లో. సముద్రం నయం."

"పాపకి ఎవరు చెప్తారు?"

"నేనే చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో మాత్రం తెలియట్లేదు. చెవి నొప్పి అంటే నమ్మదుగా."

"అమ్మా! మావయ్యా! లిఫ్టు రాలేదని మెట్లన్నీ పరిగెత్తుకుంటూ వచ్చా. డాక్టరు వచ్చి వెళ్లిపోయాడా? ఎల్లుండేనా ఆపరేషను? నేను ఆ రోజు కాలేజీ మానేస్తా, ముందే చెప్తున్నా."

"ఇలా రా పాపా. నా పక్కన కూర్చో. నీకొక మాట..."

"నువ్వుండక్కా."

"ఏమైంది మావయ్యా? ఏడ్చావా నువ్వు?"

"ఆపరేషను లేదు తల్లీ. అమ్మని ఇంటికి తీసుకెళ్లిపోతున్నాం."

"లేదా? అదేంటి, ఛాన్సుందన్నారుగా! ఎవరు వద్దన్నారు? అమ్మా, నువ్వేనా? నువ్వే వద్దన్నావా?"

"ఒరేయ్, వద్దురా..."

"అమ్మ చేయించుకుంటాననే అంది. నేనే వద్దన్నాను. నాకే భయమేసింది."