వెనక నాలుగు వేళ్ళు

ఇటివ్వు, చూడనీ. నా కళ్ళజోడేదీ... ఆఁ, నెత్తి మీదే ఉంది, నవ్వకు, నీకూ వస్తుంది ఈ వయసు. ఎక్కడ దొరికింది నీకీ పాత పత్రిక? మీ నాన్న పుస్తకాల పెట్టెలోనా. నేనేనే, ఇంకెవరు. ఇరవై ఏళ్ళ నేను. గడ్డం అంత పైకెత్తి ఎటో చూస్తున్నానే, రాబోయే కాలంలోకి చూస్తున్నాననుకునేవు. ఫోటో తీసేవాడు 'గోడ మీద బల్లి చూడండమ్మా' అన్నాడు, బల్లిని చూస్తున్నా. చూశాక సైకిలు దిగిపోవాలనిపించింది, దిగడం చేతకాక అలా బిగుసుకుపోయాను. జనం దాన్ని ధీమా అనుకున్నారు. ఏంటీ, టీషర్టుల మీద అచ్చు వేయిస్తారా? మీ ఆదివారం సైకిలు జట్టు వాళ్ళంతానా? తొమ్మిదిమంది ఆడపిల్లలు, తొమ్మిది వీపుల మీదా నేను, కింద 'ఊళ్ళో సైకిలెక్కిన తొలి ఆడపిల్ల' అని. ఎక్కిందన్నంత వరకూ నిజమేలే, ఫోటోలో ఎక్కే ఉన్నాగా. ఫోటో పక్కన నేను రాసిన ఈ వ్యాసం చదివే సైకిలు నేర్చుకున్నావా నువ్వు? అయ్యో నా తల్లీ. మరి మీ నాయనమ్మ గురించి నీకేం చెప్పారు? సైకిలు నడపడం సరిగ్గా రాదనా? నన్ను ఎక్కించుకుని పడేసి, చెయ్యి విరగ్గొట్టుకుని మానేసిందనా? మీ నాన్న చెప్పాడా. వాడికి వాళ్ళ నాన్న చెప్పి ఉంటాడు. వాళ్ళ నాన్నకి ఎవరు చెప్పారంటే... ఎవరూ చెప్పలేదు, అదే కదా నా ఖర్మ. ఆ కుర్చీ ఇటు లాక్కుని కూర్చో. ఏమిటి, వెనక క్యారియర్ దగ్గర ఆ తెల్లటి మచ్చలా? చెప్తా, అక్కడికే వస్తున్నా.

మా అన్నయ్యది, అంటే మీ తాతది, గడియారాల మరమ్మతు కొట్టు. వీధివైపు గది కొట్టు, వెనక రెండు గదుల్లో మేం. గోడ నిండా గడియారాలు, బాగైనవీ కానివీ కలిసి, ఒక్కోటి ఒక్కో టైము చూపించేది. మా ఇంట్లో ఎవరం ఆలస్యంగా లేచినా మాకు నచ్చిన గడియారం చూపించేవాళ్ళం, నేనైతే మరీను. అన్నయ్య కంటికి భూతద్దం బిగించుకుని పొద్దస్తమానం బల్ల మీదికి వంగి ఉండేవాడు. ఎవరితో మాట్లాడినా అది తీసేవాడు కాదు. మమ్మల్నందర్నీ ఒంటికన్నుతోనే చూశాడు పాపం. చెడ్డవాడు కాదులే, పంటి కింద రాయి వచ్చినా పళ్ళెం తోసేసే మనిషి కాదు. అప్పట్లో బ్యాంకులో, బళ్ళో, స్టేషన్లో, మిల్లులో పెద్దపెద్ద గోడ గడియారాలుండేవి. వారానికోసారి కీ ఇవ్వకపోతే ఆగిపోతాయి. ఆ కీలిచ్చే పని మా వదినది, మీ నాయనమ్మది. పొద్దున్నే వంట ముగించి, తాళంచెవుల్లాంటి ఆ కీలన్నీ గుడ్డసంచిలో వేసుకుని, సైకిలెక్కి, వారం తిరిగేలోపు పద్నాలుగు గడియారాలు నడిపించేది. మగవాళ్ళ సైకిలే, నల్లది, ముందు కడ్డీ ఉన్నది. ఎవరూ నేర్పలేదు. పనిపడింది, నేర్చుకుంది. వింతగా చూసేవాళ్ళు కూడా లేరు. 'పని మీద పోయే ఆడదాన్ని ఎవరు చూస్తారే, సరదాకి పోయేదాన్ని చూస్తారు గానీ' అనేది. తర్వాత ఈ మాట నేను మూడు సభల్లో చెప్పాను. మూడుసార్లూ చప్పట్లు కొట్టారు. నావనుకునే మంచి మాటల్లో సగం ఆమెవే.

ఏం చెప్తున్నా? ఆఁ, ఆదివారాలు. ఆదివారం వదిన చేతి గడియారం విప్పి కొట్లో మేకుకి తగిలించేది. రొట్టెముక్కలూ ఉడికించిన గుడ్లూ ఒక ఖాళీ గడియారం పెట్టెలో సర్ది 'రా, పోదాం' అనేది. పోదామంటే ఎక్కడికీ కాదు. మిల్లు దాటాక కుడిచేతివైపు ఒక మట్టిదారి, రెండు పక్కలా చెట్లు, పగలంతా నీడే. ఆ దారి పట్టుకుని రైలు గేటు దాకా, అక్కణ్ణించి కాలవగట్టు మీద, ఆగాలనిపించిన చోట ఆగి, తిరగాలనిపించినప్పుడు తిరిగి. ఎంత మెల్లగా తొక్కేదంటే, ఓసారి బాతుల గుంపు ఒకటి మమ్మల్ని దాటుకుని వెళ్ళింది. అందులో చివరి బాతు కుంటిది. గేటు తీసే ఆవిడ ప్రతివారం ఎటమ్మా ప్రయాణం అని అడిగేది. 'ఎటూ లేదండీ' అనేది వదిన, అదేదో పెద్ద ఊరైనట్టు, అక్కడ మనకి సొంతిల్లున్నట్టు.

మరి నేనా? నేను వెనక. క్యారియర్ మీద ఒక పక్కకి కాళ్ళు వేసుకుని. కాలేజీలో చదువు, ఆడవాళ్ళ సంఘంలో పేరు, పత్రికల్లో రాతలు. దారి పొడుగునా ఉపన్యాసమే. ఆడది తన బతుకు తనే నడుపుకోవాలి, ఒకరి వెనక కూర్చోకూడదు అని. ఎవరితో చెప్తున్నా? వదిన వీపుతో. ఆమె తొక్కుతూ ఊఁ కొట్టేది. ఎత్తు వస్తే మాత్రం సైకిలాపేసి, 'నీ సమానత్వాన్ని కాసేపు దిగి నడవమను' అనేది. దిగేదాన్ని, మూతి ముడుచుకుని. దిగి నడుస్తూ కూడా మాట్లాడేదాన్ని. నేర్చుకోవే, నేను నేర్పుతా, ఇంకో సైకిలు అద్దెకి తెద్దాం, పక్కపక్కనే పోదాం అని ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. ఆ కాలవ వెళ్ళి ఏట్లో కలిసేచోటు చూడాలని ఉండేది ఆమెకి. పొద్దున బయల్దేరితే పొద్దుగూకేలోపు వచ్చేయొచ్చు, కానీ వెనక నన్ను మోసుకుని అంత దూరం తొక్కలేదు. నన్నొదిలి ఒక్కతే పోదామా అంటే అన్నయ్య ఒప్పుకోడు, ఇద్దరైతేనే పొమ్మనేవాడు. అంటే, ఆమె ఆ చోటు చూడాలంటే నేను సైకిలు నేర్చుకోవాలి, అంతే. నేను పరీక్షలన్నాను. ఎండలన్నాను. చెప్పులు కొత్తవన్నాను. అసలు సంగతి భయం. సైకిలు మీంచి పడితే మోకాళ్ళు పగుల్తాయని, మోకాళ్ళు పగిలితే సభలో కుంటుతూ వేదిక ఎక్కాలనీ.

అలాంటిదాన్ని ఈ వ్యాసం రాశాను. 'నా సైకిలు, నా దారి'. సైకిలూ నిజమే, దారీ నిజమే, ఆ రెండు 'నా'లే అబద్ధం. ఇదిగో చదువు, 'చల్లగాలి నా ముఖాన్ని తాకింది'. గాలి తాకింది వదిన ముఖాన్ని. నా ముఖాన్ని తాకింది వదిన జడ. 'దారి నన్ను రమ్మని పిలిచింది'. నాకు దారెక్కడ కనిపించిందీ, చెమటకి తడిసిన వదిన వీపు తప్ప? మొదట ఉన్నదున్నట్టే రాశానే, ఒట్టు. 'మా వదిన తొక్కుతుంటే' అని మొదలుపెట్టాను. చదువుకుంటే ఏదోలా ఉంది. వదిన వెనక కూర్చుని సాధించిన స్వేచ్ఛ ఎవరిక్కావాలి? కొట్టేశాను. ఒక్క గీత. ఒక్క గీతతో మనిషిని సైకిలు మీంచి దింపేయొచ్చని ఆరోజు తెలిసింది నాకు. ఎడిటరుగారు ఉబ్బిపోయి ఫోటో పంపమన్నారు. పెరట్లో తీశారు. స్టాండు వేసినా అది ఊగుతోంది, నేను కేకలు. చివరికి వదిన పొయ్యి మీది గిన్నె దించి వచ్చి, ఫోటోలో పడకుండా నా వెనక చతికిలబడి, క్యారియర్ పట్టుకుంది. వ్యాసంలో ఏముందో ఆమెకి తెలీదు, సైకిలు గురించి అని మాత్రం చెప్పాను. పత్రిక వచ్చిన రోజు ఇల్లంతా సందడి. అన్నయ్య భూతద్దం తీసి రెండు కళ్ళతో చదివాడు, అదే మొదటిసారి. కాలేజీ పిల్ల కదా, కాస్త కల్పించి రాయకపోతే కథెలా అవుతుందనుకున్నాడేమో, నవ్వి ఊరుకున్నాడు. వదిన ఆఖర్న చదివింది. మెల్లగా, ఆ దారిలో పోయినట్టే. అయిపోయాక మళ్ళీ మొదటి పేజీ తీసింది. అన్నయ్య భూతద్దం అడిగి తీసుకుని ఫోటో మీద పెట్టి చాలాసేపు చూసింది.

'నా వేళ్ళు బాగా వచ్చాయి' అంది.

ఇదిగో, ఇవే. మచ్చలు కావు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. బొటనవేలు అవతలికి ఉంది, కనిపించదు.

తిడితే బాగుండేది. తిట్టలేదు. మరుసటి ఆదివారం ఎప్పట్లానే గడియారం మేకుకి తగిలించి రమ్మంది. రైలు గేటు దాటి గట్టెక్కాక సైకిలాపి దిగింది. సైకిలు నా చేతికిచ్చి, తను క్యారియర్ మీద నాలాగే ఒక పక్కకి కూర్చుని, రొట్టెల పెట్టె ఒళ్ళో పెట్టుకుంది. 'పద. ఆ గాలేదో నేనూ వెనక కూర్చుని చూస్తాను' అంది. నాకు రాదు వదినా అంటే సరిపోయేది. మూడు మాటలు. అంతటి ఉపన్యాసకురాలికి ఆ మూడు మాటలు నోట రాలేదు. పత్రికలో అచ్చయిపోయింది కదా, వచ్చే ఉంటుందేమో అని కూడా అనిపించిందే, నిజంగా. ఎక్కాను. పది గజాలు పోయాం. ఆ పది గజాలూ ఎలా పోయామో సైకిలుకే తెలియాలి. పదకొండో గజం కాలవలోకి. నీళ్ళు లోతు లేవు, రాళ్ళున్నాయి. నేను ఆమె మీద పడ్డాను, అందుకే నాకేం కాలేదు. ఆమె మణికట్టు విరిగింది. గుడ్లు మాత్రం పెట్టెలో పదిలంగా ఉన్నాయి. గట్టున కూర్చుని ఎడమచేత్తో ఒకటి ఒలిచి నాకిచ్చింది. తిన్నాను కూడా, ఏమనుకున్నావు.

ఇంటికొచ్చాక అన్నయ్య రంకెలు. భూతద్దం కంట్లోనే ఉంది. 'ఇన్నేళ్ళు తొక్కుతున్నావు, చూసుకుని తొక్కలేవా? నా చెల్లెల్ని చంపేసి ఉండేదానివి' అని. ఎవరు తొక్కారని అడగలేదు, ఎప్పుడూ తొక్కేది ఆమే కదా. వదిన నా వైపు చూసింది. ఎంతసేపనుకున్నావు? గోడ మీది గడియారాలన్నీ ఒక్కసారి టిక్కుమన్నంత. నేను గుమ్మం చెక్క వైపు చూశాను. పదిరోజుల్లో సంఘం సభ ఉంది, సైకిలు పిల్లకి సన్మానం, ఉపన్యాసం రాసుకున్నాను. ఇప్పుడు చెప్తే పరువేం కాను? వదిన ఆ సభకి వచ్చింది తెలుసా, మూడో వరసలో కూర్చుంది, చేతికి కట్టుతో. ఒంటిచేత్తో చప్పట్లు ఎలా కొడతారో ఆరోజు చూశాను. తొడ మీద కొట్టింది. అందరికంటే ఎక్కువసేపు కొట్టింది. ఆమె మంచితనమో, వెక్కిరింతో, అరవై ఏళ్ళుగా ఆలోచిస్తున్నా, తేలలేదు.

ఆ తర్వాత కీలిచ్చే పని అన్నయ్యే పెట్టుకున్నాడు. తనకి తగ్గట్టు సీటు పైకి లేపి నట్టు బిగించాడు. నాలుగు వేళ్ళెత్తు. అంతే, ఇంకేం జరగలేదు. తాళం వేయలేదు, కొట్టలేదు, ముట్టుకోవద్దని కూడా అనలేదు. ఆ ఎత్తుకి ఆమె కాలు అందదు, అంతే. ఆదివారాలు చేతి గడియారం మేకుకి తగిలించేది, అలవాటు కొద్దీ. పెరట్లో సైకిలుకి స్టాండు వేసి, గొలుసుకి నూనె పెట్టి, పెడలు చేత్తో తిప్పేది. వెనక చక్రం గిర్రున తిరిగి, తిరిగి, టిక్ టిక్ టిక్ అంటూ మెల్లగా ఆగేది. నేను లోపల కూర్చుని ఆడవాళ్ళ కదలికల మీద ఆంక్షల గురించి రాసుకునేదాన్ని. ఆ చప్పుడుకి చిరాకేసి కిటికీ వేసుకునేదాన్ని. స్పానరు కొట్లో బల్ల మీదే ఉంది. ఒక చుట్టు తిప్పి, అన్నయ్యతో ఒక్క ముక్క చెప్తే సరి. ఏళ్ళు గడిచాయి, మీ నాన్న పుట్టాడు, గోడ గడియారాలు పోయి కరెంటువి వచ్చాయి, సైకిలు తుప్పుపట్టింది. ఆమె పోయే ముందు ఆస్పత్రిలో పక్కన కూర్చుని చెప్దామనుకున్నాను. 'వదినా, ఆరోజు' అన్నాను. 'గుడ్డు బాగుందా?' అంది. బాగుందన్నాను. అంతే. నన్ను నోరు తెరవనిచ్చింది కాదు. లేకపోతే నేనే తెరవలేదో.

ఇప్పుడు నువ్వొచ్చి, నన్ను చూసి నేర్చుకున్నానంటావు. నీ కాళ్ళు చూడు, ఆ పిక్కలు చూడు, అచ్చం ఆమెవి. నా పోలికైతే ఈపాటికి ఎవరి వెనకో కూర్చుని ఉపన్యాసమిస్తూ ఉండేదానివి. మీ నాన్నకి నేను చెప్పలేనే. వాడు అత్తా అత్తా అని ఇప్పటికీ నా ముందు గట్టిగా మాట్లాడడు. నువ్వే చెప్పు. కాదులే, నేనే చెప్తా, ఫోన్ కలిపియ్యి, నువ్వెళ్ళేలోపు. నిజంగానే అంటున్నా, మళ్ళీ మాట మారుస్తానేమో, గుర్తుచెయ్యి. ఆ చొక్కాల మీద నా బోడి గడ్డం వేయించకండి. ఇదిగో, ఇక్కణ్ణించి ఇక్కడిదాకా కత్తిరించి, ఈ క్యారియరూ ఈ నాలుగు వేళ్ళూ వేయించండి. ఎవరివని అడుగుతారు. అడగనీ, అప్పుడు చెప్పొచ్చు.

ఈ ఆదివారం ఎటు మీరు? కాలవ ఏట్లో కలిసేచోటికా... అంత దూరం, పొద్దునే బయల్దేరతారా. ఊఁ. అవునే, నీ సైకిలుకి క్యారియర్ ఉందా? లేదా?

మరి నేనెక్కడ కూర్చోను?