ఈదమ్మ ఊడ్చిన పులిదారి

ఈదమ్మ అని చెంచుల ముసలామె, చేతిలో ఎప్పుడూ ఈతమట్ట ఉండేదంట. ఇల్లు ఊడవడానికి కాదు, పులిదారి ఊడవడానికి. నవ్వకండి, చెప్తా. పైన ఒక అడవి, కింద ఒక అడవి, రెండింటినీ కలుపుతూ మధ్యలో సన్నటి చెట్ల దారి ఒకటి, దానికి రెండుపక్కలా చేలు. పులి గానీ, దుప్పి గానీ, ఎలుగు గానీ, ఆ అడవి నుంచి ఈ అడవికి రావాలంటే అదొక్కటే తోవ అనుకోండి. ఈదమ్మ రోజూ తెల్లవారగానే పోయి, దుమ్ములో పడ్డ అడుగులు చూసి, ఎవరెక్కారు ఎవరు దిగారు అని లెక్క చూసుకుని, ఆనక దుమ్మంతా చదునుగా ఊడ్చేసేదంట. ఊడవకపోతే నిన్నటి అడుగూ ఇవాళ్టి అడుగూ కలిసిపోవూ? అదీ ఆమె పద్ధతి.

ఇంతలో ఏమైందంటే, కింద ఊరి పెత్తందారు కోనప్పకి ఆ దారి మీద కన్ను పడింది. దున్నితే మంచి నేల. మధ్యాహ్నం పోయి చూస్తే ఒక్క అడుగు లేదు. ఎట్లా ఉంటది, పొద్దున్నే ఊడ్చేసె! "ఏమే ఈదమ్మా, కోడి కూడా తిరగని దారికి కాపలానా?" అన్నాడంట. "పొద్దున రా సామీ, చూపిస్తా" అంటే, పొద్దున నాకు పాడి పని అన్నాడు. మనుషుల్ని పెట్టి రెండడవుల్లో పులుల్ని లెక్కపెట్టించాడు. పై అడవిలో బయ్యన్న సోమవారం చూశాడు, అయిదు. కింద అడవిలో గురవడు శుక్రవారం చూశాడు, నాలుగు. మొత్తం తొమ్మిది. "చూశారా, ఏ అడవి పులులు ఆ అడవికున్నాయి. ఇంక దారెందుకు? రేపే నాగలి కడతా" అన్నాడు కోనప్ప.

ఈదమ్మ అడ్డం పడింది. "ఉన్నవి ఆరే సామీ! దారి మూస్తే పైవి పైనే, కిందివి కిందే. జత దొరక్క వాటి వంశమే ఆగిపోద్ది" అని మొత్తుకుంది. "అయిదు చూశాను అత్తా, నా కళ్లు పోయాయా?" అన్నాడు బయ్యన్న. "నీ కళ్లకేం అల్లుడా, బానే ఉన్నాయి. నీ అయిదిట్లో ముందుకాలి వేలు తెగింది ఉందా?" "ఉంది." "గురవా, నీ నాలుగిట్లో?" "ఉంది పిన్నీ." "మరి ఇద్దరూ ఒకదాన్నే చూశారు కదరా!" దానికి కోనప్ప, "ఏం, చెరొక అడవిలో చెరొక వేలు తెగిన పులి ఉండకూడదా?" అన్నాడంట. అందరికీ తల తిరిగిపోయింది. చివరికి, ఇద్దరూ ఒకే పొద్దున, ఒకే గడియలో చూసి రావాలని ఒప్పందం.

మర్నాడు చూసొచ్చారు. బయ్యన్నకు మూడు, గురవడికి రెండు. అయిదే! "తొమ్మిది అయిదెట్లా అయినాయి? మిగతా నాలుగిటిని ఏం చేశావే ముసలిదానా, ఊడ్చేశావా?" అని కోనప్ప గంతులు. "అత్తా, ఆరన్న నీ లెక్కా తప్పే కదా" అన్నాడు బయ్యన్న నెమ్మదిగా. ఈదమ్మ వేళ్లు మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. ఒకటి తగ్గుతోంది. అప్పుడు గుర్తొచ్చిందంట, ఈ గొడవలో పడి ఇవాళ దారి చూడనూ లేదు, ఊడవనూ లేదు!

అందరూ దారి దగ్గరికి పోయారు. అప్పటికే కోనప్ప ఎద్దులు నాగలితో దారి మధ్యలో నిలబడి ఉన్నాయి. దుమ్ములో కింద నుంచి పైకి వేలు తెగిన అడుగులు. వాటి వెంటే పోతే, నాగలి పక్కనున్న రేగుపొద దాకా వచ్చి ఆగిపోయాయి. "ఇక్కడిదాకా వచ్చింది. పైకి ఎక్కిన అడుగేదీ? తిరిగి దిగిన అడుగేదీ?" అంది ఈదమ్మ. "అంటే?" అన్నాడు కోనప్ప. "అంటే..." అని బయ్యన్న నోరు తెరిచాడు. ఆ మాట మనుషులకంటే ముందు ఎద్దులకు తెలిసింది. తాళ్లు తెంచుకుని ఒకటే పరుగు. పొదలో పులి తీరిగ్గా ఆవలించిందంట. కోనప్ప చెట్టెట్లా ఎక్కాడో ఆయనకే తెలీదు, పైనుంచి మాత్రం "ఆరే! ఈదమ్మా, నీ లెక్కే నిజం, ఆరే!" అని ఒకటే కేకలు.

దారి అట్లానే ఉంది, ఇప్పటికీ దున్నలేదు. నన్ను మాత్రం తొమ్మిదెట్లా వచ్చాయి, అయిదెట్లా అయినాయి అని అడక్కండి, చెప్పే నాకే ఒక్కోసారి ఏడొస్తాయి. నాకు తెలిసిందొకటే. ఆ దారిలో ఎక్కిన అడుగులకూ దిగిన అడుగులకూ లెక్క కుదరకపోతే, అక్కడే నిలబడి కూడికలు చెయ్యకూడదు.