మాస్టారి మొదటి వేట సంచి

షిజా మాస్టారు సంచి దింపేసరికి కబూలా టీ కొట్టు ముందున్న బల్ల ఒక పక్కకి ఒరిగింది. అవతలి కొసన కూర్చున్న మయుంగా ముసలాయన గ్లాసులో టీ తొణికి మోకాలి మీద పడింది. ఆయన ప్యాంటు తుడుచుకోలేదు. సంచి వంక ఎగాదిగా చూశాడు.

"అడవికి వెళ్తున్నావా మాస్టారూ, అడవిలో కాపురం పెడుతున్నావా?" అన్నాడు.

కొట్టు దగ్గర ఉన్నవాళ్ళంతా నవ్వారు. షిజా కూడా నవ్వాడు గానీ చెవులు వేడెక్కాయి. సికొంగే ఊరి బడిలో పిల్లలకి లెక్కలు చెప్పే మనిషి అతను. మర్నాడు తెల్లవారుజామున జీవితంలో మొదటిసారి వేటకి బయల్దేరుతున్నాడు. మరదలి పెళ్ళికి కొంగోని జింక మాంసం తెస్తానని మామగారి ముందు, పదిమంది వింటుండగా అనేశాడు. అన్న రోజు ధైర్యంగానే అన్నాడు. ఆ తర్వాత తండ్రి వదిలిపోయిన పాత తుపాకీ తన పేరు మీదికి మార్పించుకోవడానికీ, ఒక్క జింకకి అనుమతి కాగితం తెచ్చుకోవడానికీ నాలుగు నెలలు తిరిగాడు. తీరా కాగితం చేతికొస్తే అది మూడు రోజులకే చెల్లుతుంది. వారం రోజులుగా సంచి సర్దుతూనే ఉన్నాడు. ఎవరు ఏది చెబితే అది అందులో పడుతోంది.

ఆఖరికి మయుంగానే అడుగుదామని వచ్చాడు. నది అవతలి వేట క్యాంపులో మయుంగా ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. ఊళ్ళో వేట మాటెత్తితే అందరి చూపూ ఆయన మీదికే పోయేది. ఆయన నోరు విప్పితే బల్ల మీంచి ఒక్కరూ లేవరు, కబూలా గిన్నెలో నూనెలో వేయించిన మందాజీ రొట్టె ఒక్కటీ మిగలదు. అందుకని మొదటి గ్లాసు టీ ఆయనకి అడక్కుండానే పోసేది.

"మొదటిసారి కదా, ఏం తీసుకెళ్ళాలో, ఏం తెలుసుకోవాలో నువ్వు చెబితే బాగుంటుంది పెద్దాయనా," అన్నాడు షిజా, సంచి మూతి విప్పుతూ.

మయుంగా తొంగి చూశాడు. పైనే పది లీటర్ల నీళ్ళ డబ్బా ఉంది.

"నీళ్ళా?" అన్నాడు, అదేదో చంటిపిల్లల పాలసీసా అన్నట్టు. "ఇదిగో మాస్టారూ, నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు, వేటకొచ్చిన ఒక దొర గురి తప్పి దున్న కాలికి కొట్టి వదిలేశాడు, దాని జాడ పట్టుకుని పొద్దుటి నుంచి మిట్టమధ్యాహ్నం దాకా చుక్క నీళ్ళు లేకుండా నడిచాను. అది గొప్పని చెప్పడం లేదు, ఎవరైనా నడుస్తారు, నువ్వూ నడుస్తావు. కానీ ఆ దున్న ఆగితేనా?"

అది ఆగలేదట. రెండో రోజు కూడా ఆగలేదట. మూడో రోజుకి నాలుక బూటు అట్టలా అయిపోయిందట. పైగా రక్తం తాగే అడవి ఈగలు గుంపులు గుంపులుగా వచ్చి వీపంతా కుట్టి, కడుపునిండా తాగి, ఎగరలేక ఆకుల మీద కూలబడ్డాయట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకు బుర్ర వెలిగింది. ఆ ఈగల కడుపులో ఉన్నది ఎవరి రక్తం? నాదే కదా. ఒక్కోదాన్నీ పట్టుకుని నా రక్తం నేను వెనక్కి తాగేశాను. సాయంత్రానికి పొద్దుటికన్నా బలిసి ఉన్నాను."

"ఈగలు ఊరుకున్నాయా?" అంది కబూలా టీ వడకడుతూ.

"మొదట గొణిగాయి. న్యాయం నా వైపు ఉందని తెలిశాక ఊరుకున్నాయి."

నవ్వులు సద్దుమణిగాక షిజా నీళ్ళ డబ్బా తీసి బల్ల కిందికి జరిపాడు. నమ్మాడని కాదు. లెక్కల మాస్టారు గనక ముసలాయన మాటల్లో పదో వంతు నిజమని లెక్కవేశాడు. ఆ పదో వంతు నిజమైనా సరే, తను ఇంత నీళ్ళు మోసుకెళ్ళడం సిగ్గుచేటుగా తోచింది. మయుంగా చూపు ఒక్క క్షణం ఆ డబ్బా వెంట బల్ల కిందికి వెళ్ళింది. కానీ అప్పటికే నాలుక తర్వాతి మెట్టు ఎక్కేసింది.

డబ్బా కింద మందుల పెట్టె బయటపడింది. కట్టుగుడ్డలు, దూది, అయోడిన్, జ్వరం బిళ్ళలు. మయుంగా దాన్ని చూడగానే ప్యాంటు మోకాలి దాకా మడిచి పిక్క మీద ఒక మచ్చ చూపించాడు. నాలుగో రోజు నల్లపాము కాటేసిన చోటట అది. ముల్లేమో అనుకుని నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే పామే దారికి అడ్డంగా పడి, కళ్ళు తేలేసి, వణికిపోతోందట.

"నాలుగు రోజుల ఎండ, ఆకలి, ఈగల కోపం అన్నీ నా ఒంట్లోనే ఉన్నాయి కదా, దానికి పడలేదు పాపం. వదిలేసి వెళ్ళడానికి మనసు ఒప్పలేదు. దున్నని కాసేపు ఆగమని చెప్పి, రాత్రంతా పాము పక్కన కూర్చుని నుదురు తడిపాను. తెల్లారికి లేచింది. ఇప్పటికీ నన్ను చూస్తే పక్కకి తప్పుకుంటుంది, మర్యాద తెలిసిన పాము."

"నీళ్ళే లేవన్నావు. నుదురు దేంతో తడిపావు?" అన్నాడు లారీ తోలే కుర్రాడొకడు.

"కన్నీళ్ళతో," అన్నాడు మయుంగా తడుముకోకుండా.

కబూలా నవ్వాపుకోలేక జల్లెడ పక్కన పెట్టేసింది. షిజా మందుల పెట్టె తీసి డబ్బా పక్కన పెట్టాడు. ఈసారి మయుంగా స్పష్టంగా చూశాడు. చూసి గ్లాసు ఎత్తి, తాగకుండానే దింపాడు. "అది... చిన్నదే కదా, ఉంటే ఉండనీ," అన్నాడు నీరసంగా. కానీ ఆ మాట ఎవరికీ వినపడలేదు. ఆ తర్వాత ఏమైందో చెప్పమని అందరూ ముందుకి వంగారు. ఇంతమంది అలా వంగి చూస్తుంటే వెనక్కి తగ్గడం మయుంగాకి ఎన్నడూ చేతకాలేదు. గొంతు ఇంకా పెంచాడు.

గాలి ఎటు వీస్తుందో చూడ్డానికి షిజా గుడ్డమూటలో బూడిద తెచ్చుకున్నాడు. మయుంగా ఆ మూటని వేలితో పక్కకి నెట్టాడు. ఐదో రోజు దున్న మంద కనపడిందట, ఒకటి కాదు ఏడు. గాలేమో తన వైపు నుంచే వాటి వైపుకి వీస్తోందట. వాసన తగిలితే ఏడూ చెల్లాచెదురైపోతాయి. అప్పుడు చొక్కా విప్పి, గాలికి ఎదురు పట్టి, గాలి నిండాక బొత్తాలు పెట్టేసి, చేతులు ముడేసి, ఆ గాలి మూటని భుజాన వేసుకుని మంద చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాడట. అక్కడ ఒక్క బొత్తాం విప్పి వదిలిన వాసన మంద వెనక్కి చుట్టి వచ్చేసరికి, వెనక మనిషి ఉన్నాడనుకుని దున్నలన్నీ బారు తీరి తన వైపుకే వచ్చాయట.

"తుపాకీ ఉంది. తూటా ఒక్కటే ఉంది. ఏడు దున్నలు, ఒక తూటా. నువ్వయితే ఏం చేస్తావు మాస్టారూ? లెక్కల్లో దీనికి జవాబు ఉందా?"

షిజా లేదన్నాడు.

"నా దగ్గర ఉంది. పేల్చాను. తూటా మొదటి దున్నలోంచి దూరి అవతలికి వస్తోంది. ఉన్నది ఒక్కటే కదా, పారేసుకుంటే ఎలా? పరిగెత్తి, దానికన్నా ముందు అవతలికి చేరి, టోపీ అడ్డంపెట్టి పట్టుకున్నాను. కాస్త వేడిగా ఉంది, ఊదుకుని మళ్ళీ పెట్టి రెండోదాన్ని కొట్టాను. అలా ఆరు. ఏడోదాని దగ్గరికి వచ్చేసరికి నాకే ఆయాసం వచ్చింది. ఏడోది ఎవరో తెలుసా? ఆ కాలిదెబ్బ దున్న. నేనన్నాను, చూడు, నువ్వు ఇక్కడ పడితే నిన్ను మోయడానికి లారీ రాదు, క్యాంపు నాలుగు మైళ్ళు, కాస్త నడిచి పెట్టు అన్నాను. పాపం కుంటుకుంటూ వచ్చింది. వంటింటి గుమ్మం దగ్గరికి రాగానే ఇక్కడేనా అన్నట్టు నా వంక చూసి, పక్కకి పడుకుంది."

బల్ల మీదివాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఆ నవ్వుల మధ్య షిజా సంచి అడుగు నుంచి తూటాల పెట్టె తీశాడు. అందులో ఇరవై ఉన్నాయి. పదో వంతు లెక్కన రెండు ఉంచుకుని మిగతావి బల్ల మీద పేర్చసాగాడు. ఒక్కోటి చెక్క మీద టక్కుమంటోంది. మయుంగా మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళలో లేదు.

మూలన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న కసాండా అప్పుడు తలెత్తాడు. ముప్పై ఏళ్ళు దొరల ముందు నడిచి జాడలు పట్టిన మనిషి. ఎండిన కర్రలా ఉంటాడు. టీ కావాలంటే కూడా వేలు చూపిస్తాడు తప్ప మాట్లాడడు. అతను గొంతు సవరించుకునేసరికి నవ్వులు వాటంతటవే ఆగిపోయాయి.

"మయుంగా, నువ్వు ఏ రోజు అడవిలోకి వచ్చావు?"

మయుంగా మోకాలి మీది టీ మరకని ఇప్పుడు తుడుచుకున్నాడు.

"క్యాంపు కంచె దాటి నువ్వు ఒక్క అడుగు వేయగా నేను చూడలేదు," అన్నాడు కసాండా నెమ్మదిగా. "నువ్వు దున్నని చూసిందంతా మేం మోసుకొచ్చి పడేశాకే. ఆ పిక్క మీది మచ్చ వంటవాడి గంజి ఒలికినప్పటిది. నేనే నెయ్యి రాశాను."

మయుంగా మడిచిన ప్యాంటుని మెల్లగా కిందికి దింపుకున్నాడు. పెద్ద పెద్ద చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. షిజాకి ముసలాయన వైపు చూడ్డానికి మొహమాటమేసింది. కబూలా పొయ్యి వైపు తిరిగి అక్కర్లేకపోయినా కట్టె ఎగదోసింది.

కసాండా చేతిలో ఉన్న పొట్టు ఊదేశాడు. అతని మాట ఇంకా అయిపోలేదు.

"ముప్పై ఏళ్ళలో నేను అడవి నుంచి తిరిగి రాని రోజు లేదు. నీళ్ళు సరిపోని రోజు లేదు. దెబ్బ తగిలిన చోట చెయ్యి పెడితే కట్టుగుడ్డ దొరకని రోజు లేదు. అందులో ఇరవై రెండేళ్ళు నా సంచి సర్దింది నువ్వు. నా ఒక్కడిదే కాదు, ఆ క్యాంపు నుంచి కదిలిన ప్రతివాడి సంచీ. మాస్టారు వచ్చి అడిగింది కూడా అదే. తెలిసింది చెప్పకుండా తూటా వెనక పరిగెడతావేం?"

మయుంగా గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత లేచి, బల్ల కింద వంగి నీళ్ళ డబ్బా పైకి తీశాడు. సంచిలో మిగిలినదంతా బల్ల మీద బోర్లించాడు. ఆయన చేతులు అంత త్వరగా కదలగలవని షిజాకి అప్పటిదాకా తెలియదు.

పెద్ద డబ్బా పనికిరాదన్నాడు. కబూలాని అడిగి రెండు చిన్న డబ్బాలు తెప్పించి, అంచుదాకా నింపాడు. సగం నిండిన డబ్బా నడకలో గలగలమంటుంది, జింక ఆ చప్పుడు మైలు దూరం నుంచి వింటుందట. చెరో పక్కా పెట్టి నడుమ తాడు, రెండు కత్తులు, ఆకురాయి, ఉప్పు మూట దోపాడు. ఉప్పు లేకపోతే ఈ ఎండకి తోలు సాయంత్రానికి కుళ్ళుతుంది. మందుల పెట్టె ఎడమచేతికి అందే బయటి అరలో పెట్టాడు. కుడిచేతికి దెబ్బ తగిలితే తెరవాల్సింది ఎడమ చేతే. తూటాలు ఇరవయ్యీ విడివిడిగా గుడ్డపేలికలో చుట్టాడు. వాసన సబ్బుని జింక పసిగడుతుందని తీసి కబూలాకి ఇచ్చేశాడు. నీలం చొక్కా పైకెత్తి, నీలమంటే పడిచచ్చే అడవి ఈగలన్నీ ఇది వేసుకుంటే నీ వెంటే ఉంటాయని చెప్పి పక్కన పడేశాడు. బూడిద మూటకి దారం కట్టి షిజా మెడలో వేశాడు.

"ఈ బూట్లు ఎప్పుడు కొన్నావు?"

"మొన్న."

"ఇంట్లో వదిలెయ్. బడికి వేసుకెళ్ళే ఆ పాతవే వేసుకో. ఇంకోటి విను. జాడ పడుతూ నీ ముందు నడిచేవాడు చెయ్యి ఎత్తితే రాయిలా ఆగిపో, ఎందుకని అడగకు. పేల్చాక వెంటనే లేచి పరిగెత్తకు. కూర్చో. రెండు మందాజీలు పెడుతున్నాను, అవి పూర్తిగా తిన్నాకే లే. తొందరపడి వెళ్ళి కొమ్ముపోటు తిని పోయినవాళ్ళ బట్టలు కూడా నేనే సర్ది ఇళ్ళకి పంపాను."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఇందాకటి కోతలు లేవు. షిజా తలూపాడు. ఆ మాటలో పదో వంతు లెక్క వేయాలని అనిపించలేదు.

"ఇన్నేళ్ళలో ఈ సంగతి ఒక్కసారీ చెప్పలేదేం పెద్దాయనా?" అంది కబూలా.

"ఇందులో చెప్పడానికేముంది తల్లీ. సంచి సర్దినవాడి కథ ఎవరు కూర్చుని వింటారు?" అన్నాడు మయుంగా మూతి బిగించి ముడి వేస్తూ.

షిజా సంచి ఎత్తి భుజాలకి తగిలించుకున్నాడు. అంతకుముందు కన్నా బరువు పెద్దగా తగ్గలేదు గానీ వీపుకి అతుక్కున్నట్టు కూర్చుంది. కసాండా అతన్ని దగ్గరికి పిలిచాడు. తను కళ్ళు మూసుకుని సంచి చప్పుడు వింటాననీ, చుట్టూ నడవమనీ అన్నాడు. వేటకి వెళ్ళే ముందు తన వెంట వచ్చేవాళ్ళని అలాగే పరీక్షించేవాడట. షిజా ఎండుటాకుల మీద కాలు పడకుండా జాగ్రత్తగా అడుగులు వేస్తూ కసాండా చుట్టూ ఒకసారి తిరిగాడు. రెండోసారి తిరిగి వెనక వచ్చి నిలబడ్డాడు.

కసాండా కళ్ళు తెరవకుండానే విసుగ్గా ముఖం చిట్లించాడు.

"ఏం మాస్టారూ," అన్నాడు, "ఇంకా నడవడం మొదలెట్టలేదా?"

అందరికన్నా ముందు నవ్వింది మయుంగాయే.